రెజినా, నైలానా, మెటలా: లేజర్ త్రీడీ ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు

వేరుశనగ గింజల్లో తేమ ఎంతుందో చూసే చిన్న చేతి పరికరం ఒకటి చేశాం. కదిరిలో ఉండే మా బావ అడిగితే మొదలైన పని అది. బయట ఒక డబ్బా, దానికి బ్యాటరీ మూత, మూత క్లిక్కున పట్టుకోడానికి రెండు కొక్కేలు. డిజైన్ అయ్యాక బెంగళూరు పీణ్యలో లేజర్‌తో త్రీడీ ప్రింటింగ్ చేసే ఒక షాపుకి ఫైల్ పంపాను. "రెజిన్‌లో చేద్దాం సార్, ఫినిషింగ్ సూపర్‌గా వస్తుంది" అన్నారు. రెజిన్ అంటే కాంతి తగిలితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్. నిజంగానే సూపర్‌గా వచ్చింది. అచ్చులో పోసి తీసిన ప్లాస్టిక్ ముక్క పక్కన పెడితే ఏది ఏదో తెలిసేది కాదు. నాలుగోసారి మూత తీసినప్పుడు ఒక కొక్కెం టిక్కుమని విరిగింది. పోనీలే, ఇంకోటి ఉందిగా అని కారులో వేసుకుని కదిరి బయల్దేరాం. బాగేపల్లిలో భోజనానికి ఆగినప్పుడు పరికరాన్ని డాష్‌బోర్డు మీదే వదిలేశాం. ఏప్రిల్ ఎండ. తిరిగొచ్చి చూస్తే మూత అప్పడంలా వంకర పోయింది.

షాపు వాళ్లని అనడానికి లేదు. చూపించడానికి ముక్క కావాలో, వాడడానికి ముక్క కావాలో నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఆ తర్వాత ఈ పనుల కోసం పీణ్య, బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడలు చాలాసార్లు తిరిగాను. కొత్తగా ప్రొడక్టు మొదలుపెట్టే మనవాళ్లు ఎవరైనా "ఏ పద్ధతిలో చేయించమంటావు" అని ఫోన్ చేస్తే, రేటు గురించి మాట్లాడే ముందు ఒక ప్రశ్న వేస్తాను. లేజర్ ఆగిపోయాక ఆ ముక్కకి ఇంకా ఏమేం పని ఉంది, ఎవరు చేస్తారు, ఎన్ని రోజులు? కొటేషన్‌లో డబ్బు, షెడ్యూల్‌లో రోజులు ఎక్కువగా పోయేది అక్కడే. పద్ధతుల మధ్య అసలు తేడా కూడా అక్కడే బయటపడుతుంది.

ముందు లేజర్ సంగతి

లేజర్ ప్రింటింగ్ అంటే చాలామంది ఒకే రకం మిషన్ని ఊహించుకుంటారు. కంప్యూటర్‌లోని మోడల్‌ని పలచటి పొరలుగా కోసి, ఒక్కో పొర ఆకారాన్నీ కాంతితో గీయడం వరకే అన్నిటికీ పోలిక. దేని మీద గీస్తున్నామో దాన్ని బట్టి లేజరే మారిపోతుంది. రెజిన్‌లోని రసాయనం అతినీలలోహిత కాంతి తగలగానే గట్టిపడుతుంది కాబట్టి పెద్ద మిషన్లలో 355 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ వాడతారు, బల్ల మీద పెట్టుకునే చిన్నవాటిలో 405. నైలాన్ పొడికి కావాల్సింది వేడి. 10.6 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని ప్లాస్టిక్ బాగా పీల్చుకుంటుంది. అదే కిరణం మెటల్ మీద పడితే చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది, అందుకని మెటల్ మిషన్లలో సుమారు 1.07 మైక్రాన్ల ఫైబర్ లేజర్ ఉంటుంది. రాగి దాన్ని కూడా తిప్పికొడుతుంది. రాగి కోసం ఆకుపచ్చ లేజర్ పెట్టిన మిషన్లే వేరుగా వచ్చాయి. కాబట్టి "మా దగ్గర లేజర్ మిషన్ ఉంది, ఏదైనా చేస్తాం" అని ఎవరైనా అంటే, ఏ మెటీరియల్‌కి అని అడగండి.

రెజిన్: చూపుకి రాజు

షాపుల్లో ఎస్‌ఎల్‌ఎ (స్టీరియోలిథోగ్రఫీ) అంటారు. ఈ పద్ధతికి అమెరికాలో చక్ హల్ 1984లో పేటెంటుకి దరఖాస్తు చేశాడు, 1986లో వచ్చింది. త్రీడీ మోడల్‌ని షాపుకి మనం రోజూ పంపే ఎస్‌టీఎల్ ఫైలు పేరు కూడా ఈ స్టీరియోలిథోగ్రఫీ నుంచే పుట్టింది. తొట్టిలో ద్రవ రెజిన్, దాని మీద అద్దాలతో అటూ ఇటూ తిప్పే సన్నటి లేజర్ చుక్క. పొర మందం మామూలుగా 0.05 నుంచి 0.1 మి.మీ. కాబట్టి అక్షరాలు, సన్నటి గీతలు, మూలల గుండ్రం అన్నీ తేటగా వస్తాయి.

లేజర్ ఆగాక ముక్క జిగటగా ఉంటుంది. ఆల్కహాల్‌లో కడగాలి, ప్రింటయ్యేటప్పుడు ముక్కని మోసిన సపోర్టులు తుంచాలి, వాటి మచ్చలు రుద్దాలి, యూవీ పెట్టెలో పెట్టి పూర్తిగా గట్టిపరచాలి. సాయంత్రానికల్లా అయిపోయే పనే, కానీ చేసే మనిషి చేతిని బట్టి ఫినిషింగ్ ఉంటుంది. సపోర్టు ఏ వైపు రావాలో ముందే చెప్పకపోతే మీ లోగో ఉన్న వైపే మచ్చలు పడతాయి. నాకు పడ్డాయి.

బలహీనత రెండు చోట్ల. మామూలు రెజిన్ పెళుసు, పైగా 50, 60 డిగ్రీల వేడికే మెత్తబడడం మొదలుపెడుతుంది. బాగేపల్లిలో జరిగింది అదే. వేడిని తట్టుకునే రెజిన్లు, కొంచెం వంగే రెజిన్లు ఉన్నాయి గానీ వాటిని పేరు పెట్టి అడగాలి, అడగకపోతే మామూలుదే పోస్తారు. ఎండలో ఉంచితే కొన్నాళ్లకి పసుపెక్కుతుంది కూడా.

ఇంకో మాట. ఈ మధ్య చాలా షాపుల్లో "ఎస్‌ఎల్‌ఎ" అని రాసిన చోట ఉన్నది ఎల్‌సీడీ తెరతో పొర మొత్తాన్ని ఒకేసారి గట్టిపరిచే మిషను. అందులో లేజరే లేదు. చిన్న ముక్కలకి అది బాగానే పనిచేస్తుంది, చవక కూడా. కానీ అడుగున్నర పొడవు ప్యానెల్ లాంటివి ఒకే ముక్కగా కావాలంటే లేజర్‌తో నడిచే పెద్ద తొట్టి మిషనే వెతకాలి. లేదంటే రెండు ముక్కలు చేసి అతికించి ఇస్తారు. పెయింట్ కింద అతుకు కనపడదు, కింద పడేస్తే కనపడుతుంది.

రెజిన్‌ని నేను నిజంగా మెచ్చుకునేది ఒక పనికి. పదిహేను ఇరవై ముక్కలు కావాలి, అచ్చు చేయించే బడ్జెట్ లేదు అనుకోండి. ఒక్క రెజిన్ ముక్క చేయించి, నున్నగా రుద్ది, దాని చుట్టూ సిలికాన్ పోసి అచ్చు తీస్తారు. అందులో పాలీయురెథేన్ అనే ద్రవ ప్లాస్టిక్ పోస్తే సిలికాన్ అరిగేలోపు సుమారు 20 ముక్కలు వస్తాయి. వ్యాక్యూమ్ కాస్టింగ్ అంటే చాలు, ప్రోటోటైపు షాపుల్లో అందరికీ తెలుసు. మార్కెట్‌లో పరీక్షించడానికి ఇరవై ముక్కల్నీ విడివిడిగా ప్రింట్ చేయించే వాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నైలాన్: వాడుకకి

షాపుల్లో ఎస్‌ఎల్‌ఎస్ (సెలెక్టివ్ లేజర్ సింటరింగ్) అంటారు. 1980లలో టెక్సాస్ యూనివర్సిటీ విద్యార్థి కార్ల్ డెకర్డ్, ఆయన ప్రొఫెసర్ జో బీమన్ కలిసి తయారుచేసిన పద్ధతి. సన్నటి నైలాన్ 12 పొడిని సుమారు 0.1 మి.మీ. పొరగా పరుస్తారు. పెట్టె లోపలంతా నైలాన్ కరిగే వేడికి కొద్ది డిగ్రీలు తక్కువలో ఉంచుతారు. లేజర్ ఆ మిగిలిన కాస్త వేడి ఇచ్చి, గీసిన చోట మాత్రం కరిగిస్తుంది. చుట్టూ ఉన్న కరగని పొడే ముక్కని మోస్తుంది కాబట్టి సపోర్టులు అక్కర్లేదు. గొలుసు లింకులు, ఒకదానిలో ఒకటి తిరిగే పళ్ల చక్రాలు విప్పకుండానే కదిలేలా ఒకేసారి చేయొచ్చు.

దీనికి ఓపిక కావాలి. ప్రింటింగ్ అయ్యాక ఆ పొడి దిమ్మె మొత్తం నిదానంగా చల్లారాలి. ప్రింటింగ్‌కి పట్టినంత సేపు దీనికీ పట్టొచ్చు. తొందరపడి తవ్వితే పలుచటి గోడలు వంగిపోతాయి. "రేపే ఇస్తాం" అన్న షాపు మీద నాకు అనుమానం ఎక్కువ. చల్లారాక దిమ్మె పగలగొట్టి, బ్రష్షుతో దులిపి, సన్నటి గాజుపూసలు వేగంగా కొట్టి (బ్లాస్టింగ్) శుభ్రం చేసి ఇస్తారు. చేతికి కాస్త గరుగ్గా, సున్నం గోడని తాకినట్టు ఉంటుంది.

డిజైన్‌లో చూసుకోవాల్సినవి ఉన్నాయి. లోపల బోలుగా ఉండే ముక్క అయితే పొడి బయటికి రావడానికి కనీసం రెండు రంధ్రాలు, 4, 5 మి.మీ. వెడల్పున ఇవ్వండి. ఒక్కటే ఇస్తే లోపలి పొడి గట్టిగా కూరుకుని ఉండిపోతుంది. కదిలే భాగాల మధ్య 0.4 మి.మీ. అయినా ఖాళీ వదలండి. కొక్కేలు పడుకుని ప్రింట్ అయ్యేలా చూడమని రాయండి, ఎందుకంటే పొరలు ఒకదాని మీద ఒకటి నిలబడిన దిశలో ముక్క కాస్త బలహీనం. నా రెండో ప్రయత్నంలో కొక్కెం వంద సార్లు తీసి పెట్టినా విరగలేదు. దిశ చెప్పకపోయినా విరిగేది కాదేమో, కానీ ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి.

పొడి గురించి కూడా అడగాలి. ప్రతిసారీ కరగని పొడి మిగులుతుంది, వేడికి అది కొంచెం పాతబడుతుంది. దానికి మూడో వంతో సగమో కొత్త పొడి కలిపి మళ్లీ వాడడం మామూలే. కొత్తది తక్కువ కలిపితే ముక్క పైన నారింజ తొక్కలాంటి గరుకు వస్తుంది. అలా కనిపిస్తే మొహమాటపడకుండా అడగొచ్చు.

నైలాన్ ముక్క నీరు పీలుస్తుంది. నీళ్లు నిలవాల్సిన పంపు భాగమో, గాలి లీకవకూడని పెట్టో అయితే పూత వేయించాలి, లేదా ఆవిరితో నున్నగా చేసే పని అదనంగా అడగాలి. ఇది మర్చిపోయి స్ప్రేయర్ ట్యాంకు మూత చేయించిన మిత్రుడొకడు "చెమటలు పడుతోందిరా దీనికి" అన్నాడు.

షాపులో మీకు ఎమ్‌జేఎఫ్ అనే మాట వినిపిస్తుంది. హెచ్‌పీ కంపెనీ పద్ధతి. పొడి అదే నైలాన్, కానీ లేజర్ ఉండదు. కరగాల్సిన చోట నల్లటి ద్రవం చల్లి పైన దీపాలతో వేడి చేస్తారు. ముక్క బూడిద రంగులో వస్తుంది. వాడుకలో ఈ రెండిటికీ పెద్ద తేడా పెట్టక్కర్లేదు, ఏది ముందు దొరికితే అది తీసుకోండి. తెల్ల ముక్కకి లేతరంగు వేయించుకోవాలంటే మాత్రం ఎస్‌ఎల్‌ఎస్.

మెటల్: ముందు మిల్లింగ్ వాళ్లని అడగండి

మా పరికరం లోపల సెన్సర్ పట్టి ఉంచే ఒక అల్యూమినియం బ్రాకెట్ ఉంది. దాన్ని మెటల్ ప్రింటింగ్‌లో చేయిస్తే గొప్పగా ఉంటుందని మోజుపడ్డాను. డ్రాయింగు పట్టుకుని ఒక టూల్ రూమ్‌కి (అచ్చులు, లోహపు భాగాలు చేసే షాపు) వెళ్తే అక్కడి సూపర్‌వైజర్‌ది మదనపల్లె. నా యాస వినగానే తెలుగులోకి దిగాడు. "దీన్ని ప్రింట్ కొట్టడం దేనికి సార్? మిల్లింగ్‌లో రెండు సెటప్‌లు. పొద్దున మెటీరియల్ ఇస్తే సాయంత్రం తీసుకుపోవచ్చు." మిల్లింగ్ అంటే తిరిగే కత్తితో లోహపు దిమ్మెని చెక్కడం. ప్రింటింగ్ కొటేషన్‌లో చిన్న భాగానికే అయిపోయింది ఆ పని. ఆరోజు ఆయన చేసిన మేలు మర్చిపోను.

మెటల్ లేజర్ ప్రింటింగ్ అంటే 20 నుంచి 60 మైక్రాన్ల పొడి పొరని కొన్ని వందల వాట్ల లేజర్‌తో పూర్తిగా కరిగించడం. టైటానియం, అల్యూమినియంలకి పెట్టె నిండా ఆర్గాన్ నింపుతారు, లేకపోతే కరిగిన లోహం ఆక్సిజన్‌ని పట్టేసుకుంటుంది. షాపుల్లో డిఎమ్‌ఎల్‌ఎస్ అనీ, ఎస్‌ఎల్‌ఎమ్ అనీ రెండు పేర్లు వింటారు. కొనేవాళ్లకి అది ఒకటే సరుకు.

లేజర్ ఆగాక ఇక్కడ జాతర మొదలవుతుంది. ముక్క కింది ప్లేటుకి వెల్డయిపోయి ఉంటుంది. లోపల ఒత్తిడి దాగి ఉంటుంది, ఎందుకంటే ప్రతి పొరా కరిగి చల్లారేటప్పుడు కింది పొరని లాగుతుంది. ప్లేటుతో సహా ఫర్నేసులో పెట్టి ఆ ఒత్తిడి తీయకుండా కోస్తే ముక్క కళ్లముందే వంగుతుంది. తర్వాత వైర్ కట్‌తో (కరెంటు పారే సన్నటి తీగతో కోసే మిషను) ప్లేటు నుంచి వేరు చేయాలి. నేలతో 45 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో వేలాడే చోటల్లా అదే లోహంతో సపోర్టులు ఉంటాయి, వాటిని చేత్తోనో మిషన్‌తోనో తీయాలి. బేరింగ్ కూర్చునే చోటు, మరలు, సీల్ తగిలే ముఖం మళ్లీ సీఎన్‌సీలో (కంప్యూటర్ నడిపే కోత మిషను) మషినింగ్ చేయాల్సిందే. ఆ మషినింగ్‌కి అదనంగా లోహం వదిలారా అని డిజైన్‌లోనే చూసుకోండి. కొటేషన్‌లో "యాజ్ ప్రింటెడ్" అని ఉంటే ఇవేవీ అందులో లేవని అర్థం.

అల్యూమినియం విషయంలో ఒక చిక్కు ఎవరూ ముందు చెప్పరు. డ్రాయింగ్‌లో మీరు మామూలుగా వాడే అల్యూమినియం రకం 6061 అని రాస్తారు. లేజర్ కింద 6061 పగుళ్లిస్తుంది కాబట్టి మామూలుగా ఇచ్చేది ఏఎల్‌ఎస్‌ఐ10ఎమ్‌జీ, అంటే సుమారు పది శాతం సిలికాన్ ఉన్న మిశ్రమం. బలానికి ఇబ్బంది లేదు. కానీ అనోడైజింగ్‌కి (అల్యూమినియం మీద రంగు పట్టే పూత తెప్పించడం) పంపితే ఆ సిలికాన్ వల్ల మురికి బూడిద రంగులో వస్తుంది. మెరిసే వెండి రంగో, ముదురు ఎరుపో ఊహించుకున్నవాళ్లు అక్కడ నీరసపడతారు.

మరి ఎప్పుడు ఇవ్వాలి? కత్తి చేరలేని చోట పని ఉన్నప్పుడు. ప్లాస్టిక్ అచ్చుల్లో చల్లనీళ్లు పారే దారులు ముక్క ఆకారాన్ని అనుసరించి వంపు తిరగాలంటే డ్రిల్లుతో కుదరదు, మారేజింగ్ స్టీల్ అనే గట్టి ఉక్కుతో ప్రింట్ చేస్తారు. అచ్చు తొందరగా చల్లారితే ప్రతి ముక్కకీ కొన్ని సెకన్లు మిగులుతాయి, లక్షల ముక్కలు తీసేవాళ్లకి ఆ సెకన్లే ఖర్చు తిరిగిచ్చేస్తాయి. ఇంకా పెద్ద ఉదాహరణ మన ఇస్రోదే. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజన్‌ని ఇదే పద్ధతిలో విప్రో త్రీడీ తయారుచేస్తే, 2024 మే 9న 665 సెకన్ల పాటు మండించి పరీక్షించారు. 14 భాగాలు ఒక్క ముక్కయ్యాయి, 19 వెల్డింగ్ అతుకులు పోయాయి. పాత పద్ధతిలో 565 కిలోల లోహం పట్టేది, 13.7 కిలోల పొడితో అయింది. అదే నెల 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజన్‌తో శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేసింది. ఇలా అతుకులు మాయమయ్యే చోట, లోపల దారులు ఉండే చోట మెటల్ లేజర్‌కి పోటీ లేదు. నాలుగు రంధ్రాల బ్రాకెట్‌కి మాత్రం కాదు.

పొడిని నాజిల్‌తో ఊదుతూ లేజర్‌తో కరిగించి పేర్చే పద్ధతి ఇంకోటి ఉంది, డీఈడీ అంటారు. అరిగిన అచ్చు అంచుకో, టర్బైన్ రెక్కకో మళ్లీ లోహం ఎక్కించడానికి మంచిది. కొత్త నమూనా కోసం దాని జోలికి వెళ్లక్కర్లేదు.

అట్టముక్కలు పేర్చడం

ఒకప్పుడు జిగురు పూసిన కాగితాన్ని పొరలు పొరలుగా అతికిస్తూ, ఒక్కో పొరనీ లేజర్‌తో కోసే మిషన్లు ఉండేవి. ఎల్‌ఓఎమ్ అనేవాళ్లు. అవి దాదాపు కనుమరుగయ్యాయి గానీ ఆ ఆలోచన మాత్రం చవకగా మన చేతిలోనే ఉంది. 3 మి.మీ. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన పలక) షీట్లని లేజర్ కటింగ్ షాపులో పొరలుగా కోయించి, రెండు పిన్నుల మీద గుచ్చి, ఫెవికాల్‌తో అతికించండి. చేతిలో ఎలా పడుతుందో, టేబుల్ మీద ఎంత చోటు తింటుందో తెలుసుకోడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు దారి లేదు. మెట్లు మెట్లుగా కనపడుతుంది, కనపడనీయండి. కోతలో 0.2 మి.మీ. దాకా పదార్థం పోతుంది కాబట్టి పిన్ను రంధ్రాలు ఒకసారి కోయించి చూసుకోండి. పీవీసీ షీటు మాత్రం పట్టుకెళ్లకండి. లేజర్ కింద అది క్లోరిన్ ఉన్న విషవాయువు వదులుతుంది, మిషను తుప్పు పడుతుంది. తెలిసిన షాపు వాళ్లయితే గుమ్మంలోనే ఆపేస్తారు.

నేనైతే

ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టుకని అడిగితే ఎమ్‌డీఎఫ్ పొరలతో ఒకటి, అది నచ్చాక నైలాన్‌లో ఒకటి చేయించమంటాను. వాళ్లకి రెజిన్ మెరుపుతో పనిలేదు. ఇన్వెస్టర్ ముందు టేబుల్ మీద పెట్టాలంటే రెజిన్, రంగు వేయించి. కానీ ఆయన చేతికిచ్చి మూత తీసి చూడమనే ఉద్దేశం ఉంటే నైలాన్‌లో చేయించి, రుద్ది, పెయింట్ వేయించండి, కాస్త ఖర్చయినా పరువు దక్కుతుంది. పారదర్శకంగా, లోపల నీరు ఎలా పారుతుందో కనపడాలంటే రెజిన్ తప్ప దారి లేదు. వేడిలో, నూనెలో, బరువు కింద పనిచేసే లోహపు భాగం ఒక్కటే కావాలంటే ముందు మిల్లింగ్, కుదరదని ఇద్దరు చెప్పాకే ప్రింటింగ్.

షాపుకి ఫైల్ పంపేటప్పుడు ఎస్‌టీఎల్ ఒక్కటే పంపి ఊరుకోవద్దు. అందులో గుండ్రం అంతా చిన్న చిన్న త్రిభుజాలుగా విరిగి ఉంటుంది, మీరు ముతకగా ఎక్స్‌పోర్ట్ చేస్తే గొట్టం ముక్క కూడా పలకలు పలకలుగా వస్తుంది. గుండ్రాన్ని గుండ్రంగానే ఉంచే స్టెప్ ఫైల్ కలిపి పంపండి. ఏ రెండు కొలతలు తప్పకూడదో ఒక పీడీఎఫ్‌లో గీసి పంపండి. అన్నీ ముఖ్యమే అని రాస్తే వాళ్లు ఏదీ పట్టించుకోరు. నైలాన్‌లో 100 మి.మీ. పొడవుకి అటూ ఇటూగా 0.3 తేడా రావడం సహజం, దానికి గొడవపడకండి.

వీలుంటే బెంగళూరు తుమకూరు రోడ్డులోని బీఐఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌లో ఇమ్‌టెక్స్ మిషన్ల ప్రదర్శన జరిగినప్పుడు ఒక పూట వెళ్లండి. అన్ని పద్ధతుల ముక్కలూ స్టాళ్ల మీద వరుసగా పెట్టి ఉంటారు. గోరుతో గీకి, వంచి చూడండి. వద్దంటారు, అయినా చూడండి.

మా పరికరం చివరికి నైలాన్ డబ్బాతో, మిల్లింగ్ బ్రాకెట్‌తో కదిరి చేరింది. డాష్‌బోర్డు మీదే పెట్టుకెళ్లాను, కావాలనే. ఏమీ కాలేదు. నెల తిరక్కుండా మా బావ ఫోన్ చేశాడు. డబ్బా గట్టిగానే ఉందట, కానీ ఎర్రమట్టి పట్టి తెల్ల రంగు ఇటుక రంగయిందట, ఎంత కడిగినా పోవట్లేదట. తర్వాతి ఆరు ముక్కల ఆర్డర్‌లో నల్ల రంగు అద్దకం అని మొదటి లైన్‌లోనే రాశాను.